నేల బాకీ

(స్మారకోపన్యాస పాఠం)



మాకు సర్వే నేర్పిన మాస్టారి పేరిట ఉపన్యాసమంటే సర్వే గురించే మాట్లాడాలి. ట్రావర్స్ క్లోజ్ కాకపోతే ఆయన దగ్గర ఏమయ్యేదో ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. బయల్దేరిన రాయి దగ్గరికే తిరిగొచ్చి లెక్క కడితే తేడా ఉండకూడదు. మాకేమో బెత్తెడు వచ్చేది. ఆ బెత్తెడు ఎక్కడ పోయిందో తేలేదాకా భోజనానికి లేవనిచ్చేవారు కాదు. గొలుసు సాగిందా, థియోడొలైట్ లెవెల్ తప్పిందా, రీడింగు రాసినవాడు ఆరుని తొమ్మిది చేశాడా అని వెతికేవాళ్ళం. రాయే జరిగిందేమో అని ఎవరికీ తట్టలేదు. తట్టినా ఆయన ముందు ఆ మాట అనే ధైర్యం ఎవరికుంది? ఇవాళ ఆ మాట అనడానికే వచ్చాను.

1892లో సుమత్రా దీవిలో డచ్చి ప్రభుత్వం సర్వే చేయిస్తోంది. ముల్లర్ అనే సర్వేయరు కొండల మీద దిమ్మెలు కట్టించి, వాటి మధ్య కోణాలు కొలుస్తున్నాడు. మే 17న తపనూలి ప్రాంతంలో భూకంపం వచ్చింది. ఆ తర్వాత కొలిచిన కోణాలు అంతకుముందు కొలిచినవాటితో పొసగలేదు. తన కొలతే తప్పని సరిపెట్టుకుని వదిలేసి ఉంటే మనకీ కథ దక్కేది కాదు. ఆయన మళ్ళీ కొలిచి, దిమ్మెలే జరిగాయని తేల్చాడు. కొన్ని రెండు మీటర్ల దాకా జరిగాయి. అదీ ఎటుపడితే అటు కాదు, ఒక పక్కవి ఒక దిక్కుకి, రెండో పక్కవి దానికి ఎదురు దిక్కుకి. భూమి పగులు వెంట నేల రెండు వైపులకీ జారుతుందని సర్వే కొలతలు పట్టిచ్చిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

పద్నాలుగేళ్ళ తర్వాత, 1906 ఏప్రిల్ 18న, శాన్‌ఫ్రాన్సిస్కో వంతు వచ్చింది. శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్ అనే భూమి పగులు 470 కిలోమీటర్లకు పైగా చీలింది. ఫాల్ట్‌ని దాటుతూ వేసిన కంచెలు, బాటలు కొన్నిచోట్ల నాలుగైదు మీటర్లు పక్కకి తప్పుకున్నాయి. ఊరు కూలి, కాలిపోయింది గానీ శాస్త్రానికి మాత్రం ఒక వీలు చిక్కింది. అక్కడి కోస్టు సర్వేవాళ్ళు అంతకుముందు ఏభై ఏళ్ళలో రెండు విడతలుగా ఆ ప్రాంతమంతా కొలిచి, పుస్తకాలు భద్రంగా దాచారు. కంపం తర్వాత మూడోసారి కొలిచారు. హ్యారీ ఫీల్డింగ్ రీడ్ ఆ మూడు కొలతలూ పక్కపక్కన పెట్టుకుని 1910లో ఒక సిద్ధాంతం రాశాడు. ఫాల్ట్‌కి దూరంగా ఉన్న నేల మెల్లగా నడుస్తూనే ఉంటుంది. ఫాల్ట్‌ని ఆనుకున్న నేల రాపిడికి బిగుసుకుని కదలదు. మధ్యలో ఉన్న రాయి ఏళ్ళ తరబడి వంగుతుంది. వంగడానికి ఇంక వీల్లేనప్పుడు ఫాల్ట్ జారుతుంది, వంగినదంతా ఒక్క ఊపున నిటారవుతుంది. భూఫలకాల సిద్ధాంతం స్థిరపడింది దీనికి సుమారు అరవై ఏళ్ళ తర్వాత. ఆ నడకకి కారణమేమిటో తెలియకుండానే, సర్వే పుస్తకాలు చూసి రీడ్ చెప్పిన మాట నేటికీ నిలబడి ఉంది.

అందుకే దీన్ని నేను బాకీ లెక్క అంటాను. దూరపు నేల ఏటా ఎంత నడుస్తుందో అంత మొత్తం ఫాల్ట్ చెల్లించాలి. ఫాల్ట్ దగ్గర నేల నిజంగా ఎంత జరిగిందో అంత చెల్లు వేసుకోవాలి. మిగిలింది బాకీ. అది ఎంత పేరుకుందో, ఏ భాగంలో పేరుకుందో ఈ ఖాతా చెబుతుంది. ఎప్పుడు తీరుతుందో చెప్పదు. భూకంపం తేదీ అడగడానికి వచ్చినవాళ్ళకి నా దగ్గర జవాబు లేదని ముందే మనవి చేస్తున్నాను. ఉందని చెప్పేవాళ్ళని నమ్మొద్దని కూడా.

ఇక ఒక ఫాల్ట్‌ని దగ్గరగా చూద్దాం. హేవర్డ్ ఫాల్ట్‌ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఈ సభలో ఉన్న ఎందరి పిల్లలో, మనవలో ఫ్రీమాంట్‌లోనో, ఆ చుట్టుపక్కలో ఇళ్ళు కొనుక్కుని ఉంటారు. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పు ఒడ్డున బర్కిలీ, ఓక్లండ్, హేవర్డ్, ఫ్రీమాంట్ ఊళ్ళ మధ్య నుంచి ఈ ఫాల్ట్ పోతుంది. చివరిసారి పెద్దగా జారింది 1868 అక్టోబర్ 21న. తీవ్రత 7కి దగ్గర, సుమారు 30 మంది చనిపోయారు. 1906 వచ్చేదాకా అక్కడివాళ్ళు పెద్ద భూకంపమంటే దాన్నే చెప్పుకునేవారు.

హేవర్డ్ ఊళ్ళో రోజ్ స్ట్రీట్, ప్రాస్పెక్ట్ స్ట్రీట్ కలిసే మూల దగ్గర ఫుట్‌పాత్ అంచున సిమెంటు గట్టు ఉండేది. తాడు పట్టి తిన్నగా పోసిందే. ఏళ్ళు గడిచేకొద్దీ అది మధ్యకి విరిగి, రెండు ముక్కలూ ఒకదానికొకటి ఎదురెదురు దిక్కులకి తప్పుకున్నాయి. గట్టు ఇవతల నిలబడి చూస్తే అవతలి ముక్క కుడికి జరిగినట్టు కనబడేది. భూగర్భ శాస్త్రవేత్తలు 1970ల నుంచి దానికి ఫోటోలు తీస్తూ వచ్చారు. ఆ ఫోటోలు వరసగా పేరిస్తే ఎడం పెరుగుతూ పోవడం కళ్ళకి కట్టేది. భూకంపం ఏమీ లేదు, చప్పుడూ లేదు, నేల పాకుతోందంతే. దీన్నే క్రీప్ అంటారు. 2016లో నగరపాలక సిబ్బంది వచ్చి, చక్రాల కుర్చీలకి వీలుగా ర్యాంపు కడుతూ ఆ విరిగిన గట్టు తవ్వేసి కొత్తది పోశారు. శాస్త్రవేత్తలు లబోదిబోమన్నారు. సిబ్బందిని అనడానికేముంది, విరిగిన గట్టు బాగుచేయడమే వాళ్ళ పని. కొత్త గట్టు మీద లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలైంది.

క్రీప్ బయటపడిన తీరు కూడా ఇలాంటిదే. కాలిఫోర్నియాలో హోలిస్టర్ దగ్గర శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్ మీదే, తెలియక, 1948లో ఒక ద్రాక్షసారా కర్మాగారం కట్టారు. దాని గచ్చు, గోడలు ఊరికే బీటలు తీస్తుంటే నాసిరకం పని అనుకున్నారు. 1956లో స్టైన్‌బ్రూగ్ అనే ఇంజనీరు వచ్చి చూసి, బీటలన్నీ ఒకే దిక్కుకి తప్పుకుంటున్నాయని పట్టుకున్నాడు. మేస్త్రీని తిట్టి ఊరుకోని ఇంజనీర్ల వల్లే చాలా సంగతులు బయటపడతాయి.

కొలిచే పనిముట్ల గురించి మాస్టారి సభలో చెప్పకపోతే ఎలా? అన్నిటికన్నా పాతది థియోడొలైటే. ఫాల్ట్‌కి ఒక పక్కన పరికరం నిలబెట్టి, అదే పక్కన ఉన్న ఒక గుర్తుని, అవతలి పక్కన ఉన్న మరో గుర్తుని చూసి మధ్య కోణం కొలుస్తారు. కొన్నాళ్ళకి మళ్ళీ అదే కోణం కొలుస్తారు. తేడా వస్తే అవతలి నేల జరిగినట్టు. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీలో జాన్ గేల్‌హౌస్ 1979 నుంచి విద్యార్థులని వెంటేసుకుని ఏళ్ళ తరబడి ఈ పని చేశాడు. క్రీప్‌మీటరు ఇంకోటి. ఫాల్ట్‌కి ఏటవాలుగా భూమిలో గొట్టం పాతి, అందులో ఇన్వార్ తీగ లాగి, ఒక కొస బిగించి, రెండో కొస దగ్గర సెన్సరు పెడతారు. ఇన్వార్ అంటే ఎండకి దాదాపు సాగని నికెల్, ఇనుము మిశ్రమం. బేస్‌లైన్ కొలవడానికి ఇన్వార్ టేపు వాడతారని చదువుకున్నవాళ్ళకి గుర్తొచ్చే ఉంటుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, అది మనకి కొత్తది కాదు. నల్లరేగడి వానకి ఉబ్బి, ఎండకి బీటలు తీస్తుంది. అందులో నిలువు లోతు లేకుండా పాతిన రాయి ఫాల్ట్‌తో పని లేకుండానే జరుగుతుంది. కాలిఫోర్నియాలోనూ అలాంటి జిగటమన్ను ఉంది. మిల్లీమీటర్లు లెక్కపెట్టేవాడికి ఇది పెద్ద తలనొప్పి. అందుకే నేల కదలికని కొలిచే మంచి జీపీఎస్ స్టేషన్ల ఉక్కు కాళ్ళని పది మీటర్ల లోతు దాకా దించి సిమెంటు పోస్తారు. పైన చూస్తే ఎవరో మరిచిపోయిన ముక్కాలిపీటలా ఉంటుంది, పనంతా అడుగున.

ఇప్పుడు ఖాతా తెరుద్దాం. హేవర్డ్ ఫాల్ట్ దీర్ఘకాలపు నడక ఏటా సుమారు 9 మిల్లీమీటర్లు. పైన కనబడే క్రీప్ సగటున 5 మిల్లీమీటర్లకి అటూ ఇటూ, ఫ్రీమాంట్ దక్షిణాన ఇంకొంచెం ఎక్కువ. మరి మిగతాది? ఫాల్ట్ పైన పాకినంత మాత్రాన అడుగున కూడా పాకుతోందని కాదు. కిలోమీటర్ల లోతులో కొన్ని భాగాలు బిగుసుకుని ఉన్నాయి. అవి ఎక్కడున్నాయో పైన నేల వంగిన తీరుని బట్టి లెక్క కడతారు. లోతులో ఒకే చోట, ఒకే అచ్చు అలలతో పదేపదే వచ్చే బుల్లి భూకంపాలు కూడా చుట్టుపక్కల నేల ఎంత పాకిందో పట్టిస్తాయి. పూర్తిగా బిగుసుకున్న భాగం 1868లో బాకీ తీర్చేసిందనుకున్నా, 2025 నాటికి 157 ఏళ్ళు. ఏటా 9 మిల్లీమీటర్ల చొప్పున దాదాపు 1.4 మీటర్లు పేరుకుంది. ఆ భాగాలు ఒక్కసారి అంత జారితే తీవ్రత 7 దగ్గరికి పోతుంది.

పాత పద్దులు కూడా దొరికాయి. ఫ్రీమాంట్ బార్ట్ రైలు స్టేషన్ దగ్గర ఫాల్ట్ మీద చిన్న చెరువు ఉంది. దాని అంచున కందకాలు తవ్వి, తెగిన మట్టి పొరల వయసు కట్టి చూస్తే గత 1,900 ఏళ్ళలో 12 పెద్ద భూకంపాలు తేలాయి. చివరి అయిదింటి మధ్య సగటు ఎడం సుమారు 140 ఏళ్ళు. 1868కి 140 కలిపితే 2008. అది దాటిపోయింది కదా అని కొందరు గుండెలు బాదుకున్నారు, ఏమీ కాలేదు కదా అని కొందరు నవ్వుకున్నారు. ఇద్దరూ సగటుని గడువు అనుకున్నవాళ్ళే.

ఈ పొరపాటుకి పార్క్‌ఫీల్డ్‌ని మించిన పాఠం లేదు. కాలిఫోర్నియా మధ్యలో, శాన్ ఆండ్రియాస్ మీద గుప్పెడు ఇళ్ళ పల్లె అది. 1857, 1881, 1901, 1922, 1934, 1966 సంవత్సరాల్లో అక్కడ తీవ్రత 6 దగ్గర భూకంపాలు వచ్చాయి. సగటున 22 ఏళ్ళు. తర్వాతిది 1993 లోపు వస్తుందని, అందుకు నూటికి 95 పాళ్ళు అవకాశం ఉందని అమెరికా భూగర్భ సర్వే సంస్థ 1985లో ప్రకటించింది. కొండల మీద అద్దాలు పెట్టి లేజరుతో కిలోమీటర్ల దూరాన్ని మిల్లీమీటరు తేడాతో కొలిచారు. క్రీప్‌మీటర్లు, బావుల్లో నీటిమట్టం పరికరాలు, స్ట్రెయిన్‌మీటర్లు పెట్టారు. ప్రపంచంలో అంతగా కాపలా కాసిన ఫాల్ట్ ముక్క ఇంకోటి లేదేమో. 1992 అక్టోబర్‌లో 4.7 తీవ్రతతో నేల కదిలితే, 72 గంటల్లో పెద్దది రావడానికి 37 శాతం అవకాశం ఉందని హెచ్చరిక పోయింది. విలేకరులు వచ్చి పడ్డారు. భూకంపం రాలేదు. 1993 కూడా వెళ్ళిపోయింది. అది వచ్చింది 2004 సెప్టెంబర్ 28న. తీవ్రత 6.0. లెక్క కట్టిన చోటే, లెక్క కట్టినంతే, పదకొండేళ్ళు ఆలస్యంగా. 1966లో వాయువ్యం నుంచి ఆగ్నేయానికి చీలినది ఈసారి ఎదురు దిక్కుకి చీలింది. వచ్చే ముందు అన్ని పరికరాల్లో దేనిలోనూ ఇదీ సూచన అని చెప్పదగ్గది కనబడలేదు.

పార్క్‌ఫీల్డ్ ప్రయోగం విఫలమైందంటారు. నేను ఒప్పుకోను. చోటు చెప్పింది, పరిమాణం చెప్పింది, తేదీ చెప్పలేమన్న సంగతి అందరికీ కనబడేలా రుజువు చేసింది. ఒక ప్రయోగం నుంచి ఇంతకన్నా ఏం కావాలి?

చోటు విషయంలోనూ అతిధీమా పనికిరాదు. హైతీ రాజధాని పక్కనుంచి పోయే ఎన్రికియో ఫాల్ట్‌ని ఎరిక్ కాలే, పాల్ మన్ జీపీఎస్‌తో కొలిచి, పేరుకున్నదంతా ఒక్కసారి జారితే 7.2 దాకా రావచ్చని 2008లో హెచ్చరించారు. 2010 జనవరి 12న 7.0 వచ్చింది. లక్ష మందికి పైగా పోయారు. ఆ ఇళ్ళకి బరువైన కాంక్రీటు కప్పులున్నాయి గానీ లోపల తగినంత ఇనుము లేదు. ఇదంతా తెలిసిన కథే. తర్వాత ఉపగ్రహ చిత్రాలు, తీరంలో పైకి లేచిన పగడపు దిబ్బలు చూస్తే తేలిందేమిటంటే, జారింది చాలావరకు ఎన్రికియో కాదు, దాని పక్కన మట్టి కింద దాగిన మరో ఫాల్ట్. బాకీ ఉందన్న మాట నిజమే, చెల్లించింది పక్కవాడు. అసలు ఖాతాలో చాలా మొత్తం అలాగే ఉండిపోయింది. 2021 ఆగస్టు 14న హైతీలోనే పడమటి వైపు 7.2 వచ్చింది.

మరి ఈ కొలతలు దేనికి పనికొస్తాయో చూడ్డానికి మళ్ళీ హేవర్డ్‌కి వద్దాం. 2014 నుంచి 2043 లోపు ఆ ఫాల్ట్ మీద 6.7 లేక అంతకుమించిన భూకంపం రావడానికి 33 శాతం, అఖాతం చుట్టుపక్కల మొత్తం మీద 72 శాతం అవకాశం ఉందని అంచనా కట్టారు. ఈ అంకె చూసి ఎవరూ ఊరు ఖాళీ చేయరు, చేయక్కర్లేదు కూడా. కానీ ఇంజనీరుకి అది చాలు. శాన్‌ఫ్రాన్సిస్కోకి మంచినీళ్ళు మోసే హెచ్ హెచీ పైపులు ఫ్రీమాంట్ దగ్గర ఈ ఫాల్ట్‌ని దాటాలి. అక్కడ కొత్త పైపుని కాంక్రీటు గదిలో పెట్టి, నేల రెండు మీటర్ల దాకా జరిగినా పగలకుండా బంతి కీళ్ళు, జారే కీళ్ళు అమర్చారు. ఆ రెండు మీటర్లు జ్యోతిష్కుడు చెప్పింది కాదు, ఖాతాలోంచి తీసిందే. బర్కిలీలో 1923లో కట్టిన ఫుట్‌బాల్ స్టేడియం సరిగ్గా ఫాల్ట్ మీదే ఉంది. దాన్ని బాగుచేసి 2012లో తిరిగి తెరిచినప్పుడు, ఫాల్ట్ మీద పడే భాగాలని మిగతా కట్టడం నుంచి విడదీసి, విడిగా కదిలేలా కట్టారు.

కాలిఫోర్నియాలో 1972 నుంచి ఒక చట్టం ఉంది. చురుకైన ఫాల్ట్ గీత మీద మనుషులు ఉండే కొత్త కట్టడం కట్టకూడదు. ఆ పట్టీలో ఉన్న ఇల్లు అమ్మేవాడు కొనేవాడికి ఆ సంగతి రాసివ్వాలి. మనవాళ్ళు ఇల్లు కొనేటప్పుడు సంతకాలు పెట్టే కాగితాల కట్టలో అదీ ఉంటుంది. ఎన్నో పేజీల మధ్య ఒక గడిలో టిక్కు. స్కూలు రేటింగు మూడుసార్లు చూసి, ఈశాన్యం పెరిగిందా లేదా అని ఇండియాకి ఫోన్ చేసి అడిగినవాళ్ళు ఆ గడి దగ్గర ఆగరు. మామూలు ఇంటి ఇన్సూరెన్సులో భూకంపం కలవదని, దానికి విడిగా కట్టాలని కూడా చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. మీ పిల్లలకి ఈసారి ఫోన్ చేసినప్పుడు అడగండి.

మన దేశం సంగతికి వస్తే, హైదరాబాదులో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఆవరణలో ఒక జీపీఎస్ స్టేషన్ ఉంది. అది ఏటా దాదాపు 5 సెంటీమీటర్లు ఈశాన్యానికి పోతోంది. బెంగళూరులో ఉన్న స్టేషన్ కూడా దాదాపు అంతే, అటే. రెండూ కలిసి నడుస్తున్నాయి గనుక వాటి మధ్య దూరం మారినట్టే ఉండదు. ఎంత పరుగెత్తామన్నది కాదు, పక్కవాడికీ మనకీ తేడా ఎంతన్నదే ముఖ్యం. హిమాలయాలకి అవతల టిబెట్‌లో నాటిన స్టేషన్లు ఉత్తరానికి ఏటా సుమారు 2 సెంటీమీటర్లు తక్కువ నడుస్తాయి. ఆ తేడా అంతా హిమాలయాల అడుగున ఉన్న ఫాల్ట్ మీద పడుతోంది. అది దాదాపు వంద కిలోమీటర్ల వెడల్పున బిగుసుకుని ఉంది, హేవర్డ్‌లా పాకే అలవాటు దానికి లేదు. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో 7.8 తీవ్రతతో కొంత తీరింది. కాఠ్మాండూ లోయ కొద్ది సెకన్లలో ఒక మీటరు దాకా పైకి లేచి, మీటరున్నరకి పైగా దక్షిణానికి జరిగింది. కానీ ఆ చీలిక పైకి వచ్చేలోపే ఆగిపోయింది, దక్షిణం వైపు భాగం జారలేదు. పడమటి నేపాల్‌లో చివరి మహా భూకంపం 1505లో వచ్చింది. అక్కడ ఏటా 18 మిల్లీమీటర్లు పేరుకుంటే ఈపాటికి 9 మీటర్లు దాటింది.

2024 డిసెంబర్ 4 పొద్దున్న ములుగు జిల్లాలో మేడారం వైపు 5.3 వచ్చి, హైదరాబాదు, విజయవాడల దాకా పీటలు కదిలాక, గోదావరి ఫాల్ట్‌కి కూడా ఈ ఖాతా ఎందుకు రాయరని చాలామంది అడిగారు. 1969లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది, 1967లో ఒంగోలు దగ్గర 5.4. అయినా ఖాతా రాయకపోవడానికి కారణం ఇది. ఇక్కడి నేల ఫలకం నడిమధ్యన ఉంది. పగుళ్ళ వెంట కదలిక ఏటా మిల్లీమీటరులో చిన్న భాగం, జీపీఎస్ గోలలో కలిసిపోతుంది. 1993లో లాతూరు దగ్గర కిల్లారిలో దాదాపు పది వేలమందిని పొట్టనబెట్టుకున్న ఫాల్ట్‌ని అంతకుముందు ఎవరూ గుర్తించలేదు. కాబట్టి ఇక్కడ పాత భూకంపాల జాబితా, మట్టి తీరు, ఇళ్ళ కట్టుబడి చూసి అంచనా వేయాలి. ఫాల్ట్ నడకని కొలిచే పద్ధతి ఇక్కడికి సరిపోదని ఒప్పుకోవాలి. సరిపోతుందని గ్రాంటు కోసం రాసేవాళ్ళుంటే అది వేరే సంగతి.

చివరిగా పిల్లల కోసం. 1992 జూన్ 28న కాలిఫోర్నియాలో లాండర్స్ భూకంపం వచ్చాక, ఈఆర్‌ఎస్-1 ఉపగ్రహం ముందూ వెనుకా తీసిన రాడార్ చిత్రాలని కలిపితే ఫాల్ట్ చుట్టూ రంగుల పట్టీలు వచ్చాయి. ఒక్కో పట్టీ 2.8 సెంటీమీటర్ల కదలిక. రాడార్ తరంగం పొడవు 5.6 సెంటీమీటర్లు, వెళ్ళి తిరిగి రావాలి గనుక అందులో సగం. నేల మీద ఒక్క రాయి పాతకుండా వేల చదరపు కిలోమీటర్ల కదలికని ఒకే చిత్రంలో చూపించిన పద్ధతి అది. దానికి చెట్లు అడ్డం. ఆకు కదిలితే లెక్క చెడుతుంది. 2025 జూలై 30న మన శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ మోసుకుపోయిన రాడార్ ఉపగ్రహం నైసార్‌లో 24 సెంటీమీటర్ల తరంగం కూడా ఉంది. పొడుగాటి తరంగం ఆకుల్లోంచి దూరి నేలని తాకుతుంది. హిమాలయాల పచ్చటి వాలులకి కావలసింది అదే. పన్నెండు రోజులకోసారి అదే దారిన వస్తుంది, ఆ సమాచారం ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఏటా కొద్ది మిల్లీమీటర్ల వంపు తేలాలంటే ఒక జత చిత్రాలు చాలవు, మధ్యలో వానమబ్బుల తేమ చేసే అల్లరి తీసేయడానికి పదుల కొద్దీ చిత్రాలు పేర్చాలి. ఆ తేమ లెక్క ఎలా తీస్తారో, దాన్ని ఫాల్ట్ నడక నుంచి ఎలా వేరు చేస్తారో పై తరగతి పిల్లలు కూర్చుని చేయదగ్గ పనే. మీ కాలేజీ కంప్యూటర్లు దానికి సరిపోతాయి. మొదట కాఠ్మాండూకి దక్షిణాన 2015లో జారకుండా ఆగిన భాగం తీసుకోండి.